నిమిషం లెక్క

మంగళగిరి అవతల కొత్త కాలనీకి నీళ్ళు వెళ్ళే పైపు వంపు దగ్గర, నీళ్ళు వదిలే హనుమయ్య చచ్చిపోయి పదకొండు రోజులైంది. అతను వాల్వు మూస్తుంటే, పరుగెత్తే నీళ్ళు ఒక్కసారిగా ఆగి వెనక్కి తన్నాయి. ఆ దెబ్బకి వంపును పట్టి ఉంచిన కాంక్రీటు దిమ్మె పగిలింది. పైపు ఎగిరి అతని ఛాతీ మీద పడింది.

ఆ దిమ్మె ఎంత దెబ్బ తట్టుకోవాలో లెక్క కట్టింది శాంభవి. విజయవాడలో ఆమె పనిచేసే డిజైన్ ఆఫీసులో ఆమె లెక్క కట్టిందంటే ఇక ఎవరూ సరిచూడరు. వాల్వు మూయడానికి నిమిషం పడితే దెబ్బ మూడు టన్నులు. రెట్టింపు వేసి ఆరు టన్నులకి కట్టించింది. ఆ నిమిషమూ గాల్లోంచి తెచ్చింది కాదు. రెండేళ్ళ క్రితం హనుమయ్య చేతే తిప్పించి, ఫోనులో కొలిచి మరీ రాసుకుంది. అందుకే ఈ పొద్దున నివేదిక మీద వెనకాడకుండా సంతకం పెట్టింది. ఆపరేటరు వాల్వును తొందరగా మూయడమే ప్రమాదానికి కారణమని అందులో ఉంది. తప్పు హనుమయ్యదని తేలితే అతని భార్య ఛాయాదేవికి కాలనీవాళ్ళు ఇస్తామన్న ఉద్యోగం ఇవ్వరు. ఆ సంగతి శాంభవికి తెలుసు. పాపం, బాధపడింది కూడా. బాధపడుతూనే సంతకం పెట్టింది.

మధ్యాహ్నం కొత్త దిమ్మె కొలతలకి ఆ వంపు దగ్గరికి వచ్చింది. ఎండ మాడ్చేస్తోంది, పైపు ఖాళీగా ఉంది. హనుమయ్యతో కలిసి పనిచేసిన అబ్రహామును వాల్వు తిప్పి చూపించమంది. అతను భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టి, చక్రాన్ని మెల్లగా, జాగ్రత్తగా తిప్పాడు. సరిగ్గా నిమిషం.

“చూశారా అబ్రహాము గారూ! ఇలా తిప్పుంటే హనుమయ్య బతికుండేవాడు.”

“రోజూ ఇలా తిప్పితే ఏడు వీధులకీ నీళ్ళెప్పుడు వదుల్తామండీ? మీరు చూస్తున్నారని నిదానంగా తిప్పానండి.”

“నేనొచ్చిన రోజు హనుమయ్య కూడా...?”

“ఇంజనీరు మేడం గారొస్తున్నారని ఆ రోజు ఉతికిన చొక్కా ఏసుకొచ్చాడండి. మీ ముందు గబగబా తిప్పేస్తే ఏం మర్యాదండీ?”

ఆ రోజు శాంభవి నిమిషమని రాసుకుని వెళ్ళిపోయింది. రోజూ ఎలా తిప్పుతావని ఒక్క మాట అడిగింది కాదు. అంత చదువు చదివిన మనిషికి ఆ మాత్రం అడగడానికేం రోగం?

“రోజూ తిప్పినట్టే తిప్పండి.”

పదిహేను సెకన్లు. సమయం నాలుగో వంతైతే దెబ్బ నాలుగింతలు, అంటే పన్నెండు టన్నులు. ఆమె కట్టించిన దిమ్మె రోజూ కాస్త కాస్త బీటలు వారుతూనే వచ్చిందన్నమాట.

వెంటనే ఆఫీసు పెద్ద పూర్ణచంద్రరావుకి ఫోను చేసింది. “తప్పు నాదండీ. నివేదిక ఆపండి.”

“కాలనీవాళ్ళకి పన్నెండింటికే పంపించేశానమ్మా. నీ లెక్కలో తప్పేం లేదు, ఊరుకో.”

“తప్పు నాదని మళ్ళీ రాసి పంపుతానండి.”

“రాసుకో. మన ఆఫీసు కాగితం మీద మాత్రం కాదు,” అని ఆయన పెట్టేశాడు.

శాంభవి ఆ పగిలిన దిమ్మె మీదే కూలబడి భోరుమంది. అబ్రహాము కంగారుపడి చక్రం దగ్గరికి పరుగెత్తాడు.

“ఏడవకండి మేడం గారూ. ఎన్ని సెకన్లలో తిప్పితే మీ లెక్క సరిపోద్దో చెప్పండి, అన్నిట్లోనే తిప్పుతాను.”