డోరీన్ వాళ్ల నాన్న కారు

హెడ్లీ సగ్డెన్ తొమ్మిదేళ్ల పాటు భార్యకు ఒకే అబద్ధం చెప్పాడు. ఆదివారం పొద్దున్నే పచ్చికలో బంతులు దొర్లించే బౌల్స్ ఆట ఆడటానికి వెళ్తున్నానని. తీరా వెళ్లేది ఆట మైదానానికి కాదు, స్నేహితుడు బారీ ఓల్డ్‌రాయిడ్ గొర్రెల కొట్టానికి. ఆ కొట్టంలో గొర్రెలు లేవు. 1954 నాటి మోరిస్ మైనర్ కారొకటి ఉంది. అది డోరీన్ వాళ్ల నాన్నది.

వాళ్ల నాన్నగారి కారు లాంటిది కాదు, అదే. కారు ఎన్ని చేతులు మారినా నెంబరు పలక దాన్ని వదలదు కదా. ఇంట్లో పాత ఫోటో ఒకటుంది. ఏడేళ్ల డోరీన్ మూతి ముడుచుకుని నిలబడి ఉంటుంది, పక్కన కె.డబ్ల్యు.యు. 417. హెడ్లీ ఆ నెంబరు పట్టుకుని కనిపించిన ప్రతి పాతకార్ల క్లబ్బుకూ ఉత్తరాలు రాశాడు, పత్రికల్లో ప్రకటనలిచ్చాడు. మూడేళ్ల తరవాత లింకన్‌షైర్‌లో ఓ రైతు పాకలో దొరికింది. వెనకసీట్లో కోళ్లు కాపురం పెట్టి ఉన్నాయి. రైతు వెంటనే ఒప్పుకున్నాడు గానీ కోళ్లు ఒప్పుకోలేదు.

ఆ తరవాతిదంతా తొమ్మిదేళ్ల పని. తుప్పు గీకాడు, రేకు అతికాడు, సీట్ల తోలు మార్చాడు, రంగు ఏడు పూతలు వేశాడు. మే నెలలో తమ పెళ్లికి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు కారు గుమ్మం ముందు నిలబెడతాడు. డోరీన్ బయటికొస్తుంది, చూస్తుంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, "ఇది మా నాన్న కారు" అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా. తను చెప్పకూడదు, ఆవిడంతట ఆవిడే గుర్తుపట్టాలి. ఆ దృశ్యాన్ని మనసులో ఎన్నిసార్లు ఆడించుకున్నాడంటే, ఆవిడ ఏడవాల్సిన చోట రెండుసార్లు తనే ఏడ్చేశాడు.

"చెప్పెయ్యరా," అన్నాడు బారీ. "ముసలిది అవుతోంది, గుర్తుండకపోవచ్చు."

"సొంత నాన్న కారురా అది. గుర్తుండకుండా ఎలా ఉంటుంది?"

మగవాళ్లకు ఇదో జబ్బు. కానుక ఇచ్చి ఊరుకోరు, అందుకునేవాళ్ల ముఖం ఎలా వెలిగిపోవాలో కూడా వాళ్లే ముందుగా తేల్చేస్తారు.

ఆ రోజు రానే వచ్చింది. అదృష్టం కొద్దీ బారీ వాళ్ల పాతకార్ల క్లబ్బు విట్బీ ప్రయాణం కూడా ఆ రోజే. ఏటా పద్నాలుగు పాతకార్లు వరసగా కొండలు దాటి సముద్రం దాకా వెళ్లి, చేపలూ చిప్సూ తిని, తిరిగొస్తాయి. డోరీన్ మంచి రోజులకని దాచుకున్న మీగడరంగు కోటు తొడుక్కుని, టీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని గుమ్మం దిగింది. కారు చూసి ఆగింది.

"ఎవరిదిది?"

"నువ్వే చెప్పు," అన్నాడు హెడ్లీ.

డోరీన్ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "బావుంది. పెళ్లిళ్లకి అద్దెకిస్తారే, అలాంటిదా?"

"నెంబరు చూడు."

"చూశా. అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. ఏంటి, కళ్ల పరీక్షా?"

హెడ్లీ సగం నిజం బయట పెట్టాడు. ఈ కారు తనే బారీ కొట్టంలో కూర్చుని బాగుచేశానన్నాడు.

"అయితే బౌల్స్ ఆడటానికి వెళ్లలేదన్నమాట."

"లేదు."

"పోన్లే. ఆ వంకతో ఇంకెవత్తి ఇంటికైనా వెళ్తున్నావేమో అనుకున్నా. మళ్లీ నీలాంటివాణ్ణి తొమ్మిదేళ్లు ఎవరు భరిస్తార్లే అని ఊరుకున్నా." డోరీన్ కారెక్కి కూర్చుని ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుంది. "పద, బారీ వాళ్లు ఎదురు చూస్తుంటారు."

దారి పొడుగునా హెడ్లీ ఎరలు వేస్తూనే ఉన్నాడు. 

"సీట్ల వాసన వస్తోందా?"

"వస్తోంది. చెప్పుల కొట్లో కూర్చున్నట్టుంది."

"ఇలాంటి కారు మీ ఇంట్లో కూడా ఉండేది కదూ?"

"ఉండేది. ఆకుపచ్చది."

"ఇదీ ఆకుపచ్చే కదా, డోరీన్."

"అది వేరే ఆకుపచ్చ. దాని మీద బురద ఉండేది."

ఆ బురదంతా హెడ్లీ తన చేతులతోనే వదిలించాడు. బురదతో పాటు వెనకతలుపు మీది గీతలు, వాళ్ల కుక్క కొరికిన చేతిపట్టీ, నాన్నగారి సిగరెట్టు కాల్చిన మచ్చ, అన్నీ పోయాయి. మలుపులో మీట తిప్పితే ఇప్పటి ఇండికేటరు లైటుకి బదులు తలుపు పక్కన స్తంభంలోంచి చిన్న నారింజరంగు చెయ్యి బయటికొచ్చి దారి చూపించింది. దాని చిన్న మోటారు కోసమే హెడ్లీ ఒక చలికాలమంతా ధారపోశాడు.

"ఆ చెయ్యి చూశావా?" అన్నాడు ఆశగా.

"చూశా. నువ్వు రోడ్డు చూడు."

"మరి ఆ కారులో షికార్లు వెళ్లినవేమైనా గుర్తున్నాయా?"

డోరీన్ నిజాయితీగా ఆలోచించింది. "వాంతి వచ్చేది," అంది.

యాభై ఏళ్లు రాయితో కాపురం చేశాననిపించింది హెడ్లీకి. ఇంటికి తిరిగి వెళ్లాక ఫోటో తెచ్చి ముఖం మీద పెడితే "ఓహో, అవునా" అంటుంది, అంతే. తొమ్మిదేళ్లకు ఫలితం ఓ ఓహో.

కొండ ఎక్కి బీడుభూమి మీదికి వచ్చారో లేదో, కారు కింద ఖణేల్‌మంది. వెనక నేల మీద ఏదో ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. పొగగొట్టం ఊడి వేలాడుతోంది. తప్పు పూర్తిగా హెడ్లీదే. పొగగొట్టాన్ని పట్టి ఉంచే నట్లు మెరవడం లేదని మొన్న వాటిని విప్పి అరగంట పాలిష్ పెట్టాడు. కారు కిందికి దూరితే తప్ప ఏ కంటికీ కనపడని నట్లు అవి. తిరిగి చేత్తో బిగించి, టీ తాగాక పానాతో గట్టిగా బిగిద్దామనుకున్నాడు. టీ మాత్రం తాగాడు.

ఒక కారు ఆగితే అన్నీ ఆగాలన్నది క్లబ్బు నియమం. పద్నాలుగు కార్లు వరసగా ఆగాయి. రెండు నిమిషాల్లో గడ్డి మీద మడత కుర్చీలు వెలిశాయి, ఫ్లాస్కులు తెరుచుకున్నాయి, కోడిగుడ్డు శాండ్విచ్‌లు చేతులు మారాయి. తుంపర మొదలైంది గానీ ఎవరూ తలెత్తి చూడలేదు. ప్రతి మగాడూ వచ్చి వంగి చూసి ఓ రోగం పేరు చెప్పి వెళ్లాడు. ఒకాయన బ్యాటరీ అన్నాడు. పైపు నేల మీద పడుంటే బ్యాటరీ ఏమిటని అడిగితే, తన అనుభవంలో ఏదైనా చివరికి బ్యాటరీయే అవుతుందన్నాడు.

హెడ్లీ పట్టా పరిచి, పానా పట్టుకుని కారు కిందికి దూరాడు. కాళ్లు మాత్రం బయట మిగిలాయి. డోరీన్ మడత కుర్చీ తెచ్చి ఆ కాళ్ల దగ్గర వేసుకుని కూర్చుంది.

"హెడ్లీ."

"ఊఁ."

"ఎడమకాలు అలా ఆడించకు."

"నట్టు పట్టు దొరక్కపోతే ఆడుతుంది. నేనేం చెయ్యను?"

"మా నాన్న కూడా అలాగే ఆడించేవాడు."

కింద పానా చప్పుడు ఆగింది.

"ఆదివారం పొద్దున దూరితే భోజనానికి పిలిచేదాకా వచ్చేవాడు కాదు," అంది డోరీన్. "కారుకేదో రోగమనుకుంటావేమో. ఏమీ లేదు. ఇంట్లో మా అమ్మమ్మ ఉండేది, అంతే. ఫోటో చూస్తే గానీ నాన్న ముఖం నాకు సరిగ్గా గుర్తు రాదు. బూట్లు మాత్రం గుర్తున్నాయి. గోధుమరంగువి, కుడిమడమ అరిగిపోయి ఉండేది. బడిలో ఏం జరిగినా వచ్చి ఆ బూట్ల ముందు కూర్చుని చెప్పేదాన్ని."

బారీ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. డోరీన్ ముఖం చూశాడు. ఆ టీ తనే తాగుతూ వెనక్కి వెళ్లిపోయాడు.

"ఇది ఆ కారే కదూ?" అంది డోరీన్.

తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మాట వచ్చింది. వచ్చిన వేళకి హెడ్లీకి కనిపిస్తున్నది ఓ పొగగొట్టం, మీగడరంగు కోటు అంచు జానెడు.

"అవును," అన్నాడు. "నెంబరు చూసి పట్టావా?"

"నెంబరు ఎవరిక్కావాలి? కింద మొగుడి కాళ్లు చూసి పట్టా." ఆవిడ కారు తలుపు మీద అరచేత్తో తట్టింది. "నాన్న ఆదివారాలన్నీ ఇదే మింగేసింది. నువ్వు దేశమంతా వెతికి మళ్లీ దీన్నే తెచ్చి, నీ ఆదివారాలు కూడా దీనికే పోశావు."

"నీ కోసమే డోరీన్."

"తెలుసు. ఆయనా మా కోసమే అనేవాడు."

హెడ్లీ పానా గుండెల మీద పెట్టుకున్నాడు. వెర్రివాణ్ణి, ఆవిణ్ణి ఒక్క ఆదివారమైనా కొట్టానికి తీసుకెళ్లి ఉంటే ఏం పోయేదనిపించి, సిగ్గుతో ఒళ్లు కాలింది. "బయటికి వస్తున్నా ఉండు," అన్నాడు.

"వద్దు. అక్కడే ఉండు."

కుర్చీ కిర్రుమంది. మీగడరంగు కోటు తడిరోడ్డు మీద వెల్లకిలా పడుకుని, అంగుళం అంగుళం లోపలికి జరిగింది.

"కోటు పాడైపోతుంది," అన్నాడు హెడ్లీ కంగారుగా.

"అవనీ. జరుగు. కింద అంతసేపు ఏం చేస్తావని నాన్నని ప్రతివారం అడిగేదాన్ని. ఆడపిల్లవి, బట్టలు మాసిపోతాయని ఒక్కసారీ రానివ్వలేదు."

భుజం భుజం ఆనించి ఇద్దరూ పైకి చూశారు. పొగగొట్టం మీద పాలిష్ పెట్టిన నట్లు తళతళా మెరుస్తున్నాయి. ఇంతేనా అని అడిగింది డోరీన్. ఇంతేనన్నాడు హెడ్లీ. ఆవిడ చెయ్యి చాచి పానా తీసుకుంది. ఎటు తిప్పాలో ఆయన చూపించాడు. నట్టు బిగిసేసరికి ఆవిడ ముక్కు మీద నూనెమరక పడింది. కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. అంత దగ్గరగా ఆ ముఖాన్ని హెడ్లీ ఏళ్ల తరబడి చూడలేదు.

చాలాసేపటికి నాలుగు బూట్ల పక్కకి ఇంకో జత బూట్లు వచ్చి ఆగాయి.

"ఏమ్మా డోరీన్, పైపు బిగిసిందా?" అన్నాడు బారీ.

"ఎప్పుడో బిగిసింది," అంది డోరీన్ కిందనుంచి. "మీరు కానివ్వండి. మేం మాట్లాడుకుంటున్నాం."