తోకకు కట్టిన దారం

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఆ ఫోను అవతల పెట్టు. బట్టలు కుట్టే ఒకావిడ సంగతి చెబుతాను. ఆవిడ కంట్లో వంకర పడకూడదు. గోడ మీద పటం నుంచి మొగుడి చొక్కా కాలరు దాకా అన్నీ సర్దాల్సిందే.

ఆవిడకిద్దరు కూతుళ్లు. పెద్దది గాలిదుమారం, చిన్నది నత్తకు అక్క. "అక్కను చూసి నేర్చుకోవే" అని చిన్నదాన్ని రోజూ సాధించేది.

పిల్లలిద్దరూ చెరో గొంగళిపురుగును పట్టుకొచ్చారు. పెద్దదానిది నిమ్మచెట్టుది, చిన్నదానిది జిల్లేడుది. ఒకదాని ఆకు రెండోది ముట్టదు, పస్తయినా ఉంటుంది గానీ. కిటికీ దగ్గర సీసాల్లో రెండూ బాగా తిని గూళ్లయ్యాయి. నిమ్మది పుల్లకానుకుని, నడుముకు సన్నటి పట్టుదారం చుట్టుకుని, తలెత్తుకు నిలబడింది. జిల్లేడుదేమో సీసా మూతి గుడ్డకు తోక తగిలించి తలకిందులుగా వేలాడింది.

చిన్నది పిన్ని ఇంటికి వెళ్తూ, "అమ్మా, నా ప్రాణమంతా దీని మీదే. కాస్త కనిపెట్టుకో" అంది.

"నాకప్పజెప్పాక నీకెందుకే బెంగ!"

పిల్ల గడప దాటిందో లేదో ఆవిడ చెయ్యి ఊరుకోలేదు. "పాపం, పట్టు తప్పి తలకిందులైంది. పెద్దదానిది చూడు, ఎంత కుదురో!" అనుకుని జిల్లేడుదాన్ని మెల్లిగా ఊడదీసి, పుల్లకు నిలబెట్టి, నడుముకు దారం కట్టింది.

మర్నాడు పొద్దున్నే మొగుడు పిలిచాడు. "ఏమేవ్, ఇటు రా! నిమ్మది బయటికొచ్చింది, బట్టలారేసుకుంటోంది."

నిజమే. ముడతలు పడ్డ తడి రెక్కలు కిందికి వేలాడుతూ మెల్లిగా విచ్చుకుంటున్నాయి. ఆవిడ రెండో సీసా వైపు తిరిగింది. గూడు పలచబడి లోపలి నారింజ రంగు కనిపిస్తోంది. దాని మీద అడ్డంగా తన దారం.

"అయ్యో! నిమ్మది తన కట్టు తానే కట్టుకుంది, విప్పుకోవడమూ దానికి తెలుసు. ఇది నా ముడిలోంచి ఎలా వస్తుంది? పిల్లకి ఏం చెప్పను?"

"నీ బిగింపు నా మెడనడుగు, చెబుతుంది" అన్నాడాయన కాలరు సవరించుకుంటూ.

నవ్వే తీరిక ఎవరికుంది! చిన్న కత్తెరతో ఊపిరి బిగబట్టి ముడి తెంచింది. తోక కొసకు దారం చుట్టి, గూటిని మళ్లీ తలకిందులుగా గుడ్డకు వేలాడదీసింది. ఆ రోజు మిషను ముట్టలేదు.

మధ్యాహ్నానికి గూడు చిట్లింది. సీతాకోకచిలుక జారి, ఖాళీ డొల్లను పట్టుకుని వేలాడింది. రెక్కలు సాఫీగా, ఒక్క మడతైనా లేకుండా విచ్చుకున్నాయి.

సాయంత్రం చిన్నది రాగానే, "ఈ డొల్ల తోకకు దారమేంటమ్మా?" అంది. ఆవిడ జరిగిందంతా చెప్పేసింది. పిల్ల కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత నవ్వేసింది.

తెల్లారి రెండింటినీ పూలమొక్కల దగ్గర వదిలారు. నిమ్మది తేనె తాగుతూ కూడా రెక్కలు టపటపలాడించింది. జిల్లేడుది తీరిగ్గా తేలుతూ వెళ్లింది.

"దీనికింత నిదానమేంటే, పిట్ట తన్నుకుపోదూ?"

"జిల్లేడు చేదంతా ఒంట్లోనే ఉందమ్మా. పిట్టలు నోట పెట్టవు, ఇక తొందరేం?" అంది చిన్నది.

'అక్కను చూసి' అనబోయి ఆవిడ నోరు మూసుకుంది. ఆ మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

నువ్వూ గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ చెల్లెలికి చెప్పేటప్పుడు ఏది మరిచినా ఆ తోకకు కట్టిన దారం మాత్రం మరిచిపోకు.