కూర్చోకూడని మూడు వారాలు

శనివారం ఉదయం పదకొండున్నరకి, పంజాగుట్టలోని ఒక క్లినిక్‌లో, తారక్ తన భార్య మంజూషకి పిరుదులు ఎంపిక చేశాడు.

డాక్టరు బల్ల మీద రెండు సిలికాన్ ముక్కలు పెట్టాడు. ఒకటి గుండ్రం, ఒకటి కోల. తారక్ రెండింటినీ బొటనవేలితో నొక్కి చూశాడు. మామిడిపళ్లు కొనేటప్పుడూ అలాగే నొక్కుతాడు. గుండ్రనిది తీసి మంజూష వెనక ఆనించి పట్టుకున్నాడు.

"ఇదే బావుంది కదా?"

అతను అడిగింది డాక్టర్ని.

వెనక చదునుగా ఉంటుందని మంజూషని తారక్ పలక అంటాడు. ఆఫీసు వాళ్ల విందులో అందరి ముందూ అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు అత్తగారు వరలక్ష్మి, వాడేదో సరదా పడుతున్నాడు, కాస్త నొప్పి ఓర్చుకుంటే పోతుంది కదమ్మా అంది.

నర్సు వనిత జాగ్రత్తలు చెప్పింది. "మూడు వారాలు కూసునుడు బంద్ అక్కా. బోర్ల పండుకోవాలె. నిలబడొచ్చు, నడవొచ్చు. సోమవారం పొద్దుగాల ఆపరేషన్‌కి ఏం తినకుంట రావాలె."

"అయితే ఇబ్బందేం లేదు," అన్నాడు తారక్. "మా ఇంట్లో ఈవిడ కూర్చునేదెప్పుడండీ?"

డాక్టరు నవ్వాడు. వనిత నవ్వలేదు.

శ్రీనగర్ కాలనీలో ఇంటికి వెళ్లే దారంతా మంజూష తను కూర్చునేదెప్పుడో గుర్తు చేసుకుంది. పొద్దున పొయ్యి ముందు నిలబడుతుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో జావా పాఠం నిలబడే చెబుతుంది, బస్సులో సీటు దొరకదు, రాత్రి అందరికీ వేడిగా చపాతీలు వేసి, చివరివి తను వంటగట్టు దగ్గరే తినేస్తుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు తినేదీ అక్కడే. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అందుకని కుర్చీ వచ్చింది. భోజనాల బల్లకి కుర్చీలు నాలుగు. తారక్‌ది, మామగారిది, అత్తగారిది. నాలుగోదాని మీద మడత పెట్టాల్సిన బట్టలుంటాయి. ఎన్ని మడతపెట్టినా మర్నాటికి మళ్లీ ఉంటాయి. ఆ కుర్చీ మెత్త ఏ రంగో ఆమెకి గుర్తు రాలేదు.

సోమవారం ఉదయం తారక్ కారు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రెండుసార్లు పిలిచాడు. తర్వాత లోపలికొచ్చి చూశాడు.

బట్టలు నేల మీద ఉన్నాయి. నాలుగో కుర్చీలో కూర్చుని మంజూష ఇడ్లీ తింటోంది.