వాలుచెక్క మీద బియ్యం సంచి

రేపు పదింటికి మంచిర్యాలలోని ఒక జూనియర్ కాలేజీలో హర్షిణి పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఫిజిక్స్ టీచరు ఉద్యోగం ఆమెదే. పెళ్లయి నలభై రోజులైంది; వాళ్లుండే కంపెనీ క్వార్టర్లో విద్యార్థిగా దొరికింది ఒక్కడే, బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చిన భర్త కిషన్.

"సంచి తెచ్చినవా బావా?" అందామె, నవ్వు బిగబట్టి.

"తెచ్చిన టీచరమ్మా. పది కిలోలది." అతడు బియ్యం గోనెసంచిని నేల మీద పెట్టాడు.

ఆమె గోడ మీద సుద్దముక్కతో సంచిని, కిందికొకటి పైకొకటి బాణాలను గీసింది. "బరువు తొంభై ఎనిమిది న్యూటన్లు కిందికి. నేల గూడ గంతే బలంతోని పైకి నెడుతది. దీన్నే అభిలంబ బలం అంటరు."

తర్వాత ఒక చెక్కను ముప్పై డిగ్రీల వాలుగా మంచానికి ఆనించి, సంచిని దాని మీదికి ఎక్కించారు. హర్షిణి గోడ మీద వాలుగీత గీసి, అభిలంబ బలం బాణాన్ని నిట్టనిలువుగా నిలబెట్టి, పక్కన మళ్లీ తొంభై ఎనిమిదే వేసింది.

కిషన్ చెయ్యెత్తాడు. "గట్ల నిలబెడితే మా షిఫ్టు సర్దారు నన్ను ఇంటికి పంపుతడు."

"ఏంది?"

"బాయిల వాలు ఉన్నకాడ కప్పుకు దుంగలు ఆసరా పెడ్తం గద. కొత్తోళ్లందరు ఇంటి స్తంభం లెక్క నిట్టనిలువుగ పెడ్తరు. కప్పు జరంత ఒత్తంగనే జారిపోతది. నేల వాలితే దుంగ గూడ వాలాలె, నేలకు మూలమట్టంగ."

ఈ తప్పు రేపు అందరి ముందు చేసి ఉంటే? ఆమెకు నవ్వు వచ్చింది. కొంగుతో బాణం చెరిపి, చెక్కకు లంబంగా, అతడన్నట్టే మూలమట్టంగా గీసి, తొంభై ఎనిమిదిని కొసైన్ ముప్పైతో గుణించింది. ఎనభై అయిదు.

"తక్కువైంది ఎటువొయింది?" అడిగాడు కిషన్.

"ఎటూ పోలె. సంచి చెక్కను ఎంత ఒత్తితే, చెక్క గంతే నెడుతది. కిందికి జారేదాన్ని రాపిడి పట్టుకుంటది."

"నన్ను గూడనా?" సంచి దించి తానెక్కి కూర్చున్నాడు. రాపిడి పట్టుకోలేదు. లుంగీతో సహా జర్రున వచ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు. పక్క క్వార్టరు పూలమ్మవ్వ గోడ తట్టి, "మంచం ఇరిగిందా బిడ్డా?" అనడంతో నవ్వు ఆగక వాళ్లు లేవడం ఇంకా ఆలస్యమైంది.

మర్నాడు క్లాసులో బాణం సరిగ్గానే పడింది. చివర్లో ముందు బెంచీ అమ్మాయి లేచింది. "మేడం, చెక్కను గోడ లెక్క నిలబెడితే అభిలంబ బలం ఎంత?"

అనుకోని ప్రశ్న. హర్షిణి ఆ చెక్కను మనసులోనే మెల్లగా లేపుకుంటూ పోయింది. ఎనభై అయిదు, యాభై, పది... "సున్నా. సంచి చెక్కను ఒత్తనే ఒత్తదు. చెక్క ఎందుకు నెడుతుంది?"

వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ వేణుమాధవ్, "సోమవారం నుంచి రాగలరా?" అన్నాడు.

వస్తాను సార్ అనాలి. "మా బావ సెలవు పెట్టుకొని వచ్చి గేటుకాడ బండి మీద ఉన్నడు, ఒక్క నిమిషం, చెప్పొస్త సార్" అనేసి, క్లాసంతా నవ్వుతుంటే మెట్ల వైపు పరిగెత్తింది.