పైపు లేని గీత

ఆ వారం చేయాల్సిన పనులు గది గోడకు అంటించుకున్నాను. మూడు డ్రైయర్ల ఉష్ణోగ్రతలు కంప్యూటర్ నుంచి దించుకోవాలి. బాయిలర్ ఆవిరి ఒత్తిడి వాటి పక్కన చేర్చాలి. ఏది మారితే ఏది మారుతోందో తేల్చి మా మేనేజర్ చంద్రకాంత్ సార్‌కు చూపాలి. అమ్మకు ఫోన్ చేయాలి. ఇస్నాపూర్‌లో దొరికే మంచి చెప్పులు కొనుక్కోవాలి, పాతవి కంపెనీ నేల మీద జారుతున్నాయి.

నా పేరు సత్యశ్రీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ట్రైనీగా చేరాను. అక్కడ మందుపొడి ఆరబెట్టే డ్రైయర్లు మూడున్నాయి. మూడింటికీ ఒకే బాయిలర్ ఆవిరి. ఒకరు వాల్వు ఎక్కువ తెరిస్తే మిగతా వాటికి ఆవిరి తగ్గుతుంది. చేత్తో తిప్పే వాల్వులు తీసేసి, వాటంతట అవే తిరిగేవి పెట్టబోతున్నారు. అవి ఎప్పుడు ఎంత తిరగాలో తెలియాలంటే, పాత కొలతలను బట్టి డ్రైయర్లు ఒకదాన్నొకటి ఎలా లాగుతున్నాయో చెప్పే నమూనా కట్టాలి. అది సరిగ్గా వస్తేనే నా ఉద్యోగం పర్మినెంట్ అని సార్ ముందే చెప్పారు.

కాగితం మీద మూడు డ్రైయర్లకు మూడు వృత్తాలు, బాయిలర్‌కు ఒకటి గీశాను. దేని ప్రభావం దేని మీద ఉందో అటు బాణం గీత. లెక్క చేస్తే ఒక గీత అదనంగా తేలింది. రెండో డ్రైయర్ చల్లబడినప్పుడల్లా కాసేపటికి ఒకటో డ్రైయర్ కూడా చల్లబడుతోంది. ఆవిరి ఒత్తిడిని లెక్కలోకి తీసుకున్నా ఆ గీత పోలేదు.

"ఆ రెండింటి నడుమ పైపు ఉన్నదా?" అన్నారు సార్.

"లేదు సార్."

"పైపు లేనికాడ గీత ఎట్ల గీస్తవమ్మా?"

గీత తుడిచేశాను. నమూనా చెప్పే అంకెలు, అసలు అంకెలు విడిపోయాయి. మళ్లీ గీస్తే కలిశాయి. ఒక్క శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం గీత లేకుండానే కలిసేవి. యంత్రాలకు శుక్రవారం ఏమిటని ఆలోచించాను. రెండో డ్రైయర్ చూసే సాదుల్లా ఆ పూట నమాజుకు వెళ్తాడు, పవన్ వచ్చి నిలబడతాడు. తేడా అదొక్కటే.

వెళ్లి ఒకటో డ్రైయర్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. దాన్ని చూసేది మొగులయ్య కాక. బర్రె ఈనిందని చెబుతున్నాడు. పక్క ప్యానెల్ మీద సాదుల్లా డ్రైయర్ ఉష్ణోగ్రత దిగింది. మాట ఆపకుండానే కాక తన వాల్వు కాస్త మూశాడు.

"ఇప్పుడేం జేసినవ్ కాకా?"

"ఏం జేసిన?" చెయ్యి ఇంకా వాల్వు మీదే ఉంది. దాన్ని చూసుకుని నవ్వాడు. "ఆయనది పాత మిషన్ బిడ్డా, జల్దీ సల్లగైతది. నాది జెర ఎక్కువసేపు వేడిగుంటది. ఊర్ల మా ఇద్దరి పొలాలకు ఒక్కటే బోరు. అటు మడి ఎండుతుంటే ఇటు కట్టుడు అలవాటు."

"మరి పవన్‌కు ఆవిరి ఇయ్యవా?"

"వాడు చెవుల పాటలు పెట్టుకొని నిలవడ్తడు. వానికే ఫికర్ లేదు, నాకేంది?"

అవతలి నుంచి సాదుల్లా విన్నాడు. "అరే, ఇన్నేండ్ల సంది బ్యాచ్ టైముకు అయితుంటే నా హునర్, నా పనితనమే అనుకున్న గద మొగులన్నా."

కాక నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "గిది రాస్తవా బిడ్డా? కాగితంల రాసినకాడికే వాల్వు తెరవాలె. చెయ్యి వెట్టినట్టు తెలిస్తే మెమో ఇస్తరు."

రాయకపోతే కొత్త వాల్వులు తప్పు నమూనాతో తిరుగుతాయి, నా ఉద్యోగమూ పోతుంది. రాస్తే కాక ఇరుక్కుంటాడు. ముందు ఖాయం చేసుకుందామని, ఒక పూట వాల్వు ముట్టుకోవద్దని ఆయన్నే అడిగాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మొగులన్నా, పోలీసులు పట్టుకున్నరా?" అన్నాడు సాదుల్లా.

"సప్పుడు జెయ్యకు భాయ్. చేతులు గుంజుతున్నయ్."

ఆ పూట కొలతల్లో గీత మాయమైంది. సాదుల్లా బ్యాచ్ ఆలస్యమైంది.

సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను, మెమో ఇవ్వొద్దనీ అడిగాను. ఆయన ఆ పూట గ్రాఫు, మామూలు రోజు గ్రాఫు పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"రూలు ప్రకారం తప్పే. కానీ గిది లేకుంటే పని ఆగుతది. గీత ఉంచు. కొత్త వాల్వులకు గూడ గట్లనే నేర్పుదాం. పేరు మాత్రం రాయకు."

నా ఉద్యోగం పర్మినెంట్ అయింది. కొత్త వాల్వులు చక్కగా పనిచేస్తున్నాయి. రెండో డ్రైయర్ చల్లబడితే ఒకటోది కాస్త కట్టుకుంటుంది, శుక్రవారం పవన్ ఉన్నా సరే.

"నేను ఇయ్యనోళ్లకు గూడ ఇస్తున్నది నీ మిషన్," అంటాడు కాక, టీ తాగుతూ.

రిపోర్టులో ఉన్నది ఒకటో డ్రైయర్, రెండో డ్రైయర్, నడుమ ఒక గీత. అంతే. వాల్వులు చేత్తో తిప్పే రోజులు పోయాయి, ఇప్పుడు చెప్తే ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి చెబుతున్నాను, ఆ గీత పేరు మొగులయ్య. చదివిన మీరైనా ఆయన్ను గుర్తుపెట్టుకోండి.