నో నొక్కిన మూడు రోజులు

ఆ ఉదయం హెచ్చరిక నాలుగోసారి తెర మీదికి వచ్చేసరికి ఆమె పాత ఫిర్యాదుల కాగితాలకు కన్నాలు వేస్తోంది. పంచింగ్ మిషన్ పక్కన పెట్టి, కళ్లజోడు పైకి జరుపుకుని, ఈపాటికి కంఠతా వచ్చేసిన ఆ వాక్యాలను మళ్లీ మొదటినుంచి చదివింది. మీ ఉత్తరాలు తెచ్చే సర్వర్ చూపించిన భద్రతా సర్టిఫికెట్ తేదీ చెల్లదు. అయినా ఈ సర్వర్‌ను వాడతారా? కింద రెండు బొత్తాలు, ఎస్, నో. ఆమె మౌస్‌ను గాజు సామాను జరిపినంత నెమ్మదిగా జరిపి నో మీద నొక్కింది. హెచ్చరిక పెట్టె మాయమైంది. దాని వెనక ఈమెయిల్ శనివారం సాయంత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. అద్దం పగిలిన బీరువా గురించి ఒకావిడ రాసిన ఉత్తరమే ఇంకా అన్నిటికన్నా పైన ఉంది.

ఇవాళ బుధవారం.

ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేసే కంపెనీ అది. విరిగిన కుర్చీ కాళ్లు, పగిలిన అద్దాలు, దారిలో ఎక్కడో జారిపోయిన కుట్టుమిషన్ మూతలు, వీటి గురించి వచ్చే ఉత్తరాలన్నీ ఆమె బల్ల మీది కంప్యూటర్‌లోకే దిగుతాయి. ఇంకెవరి దగ్గరా కనపడవు. ఒక్కోదాన్నీ అచ్చు తీసి, కుడివైపు పైమూలన తేదీ స్టాంపు వేసి, ఫైల్లో గుచ్చడం ఆమె పని. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే స్టాంపు చక్రాన్ని ఒక పన్ను ముందుకు తిప్పుతుంది. ఆఫీసులో ఎవరికి తేదీ కావాలన్నా గోడవైపు చూడరు, ఆమెనే అడుగుతారు. ముప్పై ఏళ్లుగా ఇదే బల్ల. ఊదా సిరా పట్టిన బొటనవేలు ఇంట్లో ఎంత తోమినా తెల్లబడటం మానేసి చాలాకాలమైంది. ఆమె పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ స్టాంపక్కే.

సోమవారం పొద్దున ఆ పెట్టె మొదటిసారి కనపడగానే ఆమె చేతులు ఒళ్లో పెట్టేసుకుంది. మూడేళ్ల కిందట ఇలాగే ఏదో ఉత్తరానికి అంటించిన కాగితాన్ని తెరిస్తే సెక్షన్ కంప్యూటర్లలోని ఫైళ్లన్నిటికీ తాళం పడిపోయింది. ఎనిమిది రోజులు పని ఆగింది. అప్పుడు మేనేజరు అందరినీ నిలబెట్టి, ఆ బొత్తం నొక్కిన వేలు ఎవరిదో ఒకసారి దర్శనం చేసుకోవాలని ఉందన్నాడు. అందరూ ఆమె చేతులవైపు చూశారు. ఆనాటినుంచి ఎవరైనా చెప్పనిదే ఆమె ఏదీ నొక్కదు.

అందుకే సోమవారమే కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేసింది. నాలుగు బ్రాంచీలు చూసుకునే మనిషి, దేనికీ తీరిక ఉండదు.

"నో నొక్కండమ్మా," అన్నాడాయన. "నేనొచ్చి చూసేదాకా ఎస్ జోలికి పోకండి. మధ్యలో ఎవడైనా మీ ఉత్తరాలు చదివేస్తే మళ్లీ అది నా మెడకే చుట్టుకుంటుంది."

రేపొస్తానన్నాడు. మంగళవారం రాలేదు. ఆమె మేనేజరుకు కూడా చెప్పింది. ఆయన గదిలోంచి బయటికి వచ్చి, రెండు రోజులుగా ఒక్క ఫిర్యాదూ లేదని, ఆ రోగమేదో అలాగే ఉండనిస్తే కంపెనీకే మంచిదని నవ్వి వెళ్లిపోయాడు.

ఎదురు బల్ల మీది డిస్పాచ్ ఆయన మాత్రం ఊరుకోలేదు. "నువ్వు మరీనక్కా. నాకూ నెలకోసారి వస్తుంది ఆ గోల. ఎస్ కొట్టేసి నా పని నేను చూసుకుంటా. దాన్ని అంత మర్యాదగా చదివేది లోకంలో నువ్వొక్కదానివే."

మంగళవారం మధ్యాహ్నం ఆమె చెయ్యి ఒకసారి ఎస్ దాకా వెళ్లింది. బాణం గుర్తు బొత్తం మీద వాలి ఉండగానే వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే భర్త ఊపిరి కూడదీసుకుని, అడ్డం పడ్డదాన్ని బలంగా నెట్టకూడదన్నాడు. ముందు ఎందుకు అడ్డం పడిందో చూడాలన్నాడు. ముప్పై నాలుగేళ్లు లేత్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషి. ఆయన చేతుల్లో ఏ మరా ఎప్పుడూ విరగలేదు. ఆ మిషన్ల పొడి మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంది. ఇప్పుడు మంచం మీద మూడు తలగడలకు ఆనుకుని, కూర్చునే నిద్రపోతాడు.

ఆ కంప్యూటర్‌లోకి రావాల్సిన ఒక ఉత్తరం కంపెనీది కాదు.

ఊరి చివర ఊపిరి ఆడని రోగుల కోసం ఒక ఆశ్రమం ఉంది. పద్ధెనిమిది మంచాలు. ప్రతి మంచం తలవైపు గోడలోంచి ఆక్సిజన్ గొట్టం వస్తుంది. రాత్రింబవళ్లు నర్సు ఉంటుంది. అక్కడి జాబితాలో భర్త పేరు ఎక్కించి నాలుగు నెలలైంది. మంచం ఖాళీ అయితే ఈమెయిల్‌లో రాస్తారు. చెప్పిన గడువులోపల తిరిగి రాయాలి, లేకపోతే తర్వాతి పేరుకు వెళ్తారు. ఆమెకు తెలిసిన ఈమెయిల్ చిరునామా ఆఫీసుది ఒక్కటే, అదే రాసిచ్చింది. మొదట్లో వారానికోసారి ఫోన్ చేసి అడిగేది. అక్కడి గుమస్తా ఆవిడ, ఫోన్లో అన్నమాట ఎవరన్నారో రేపు తేలదనీ, ఏదైనా ఉంటే తామే రాస్తామనీ, ఇక చెయ్యొద్దనీ మర్యాదగానే చెప్పింది. నువ్వు చేసిన ప్రతిసారీ ఆవిడ నన్ను ఒక మెట్టు కిందికి దించుతోందేమోనే అని భర్త నవ్వబోయి దగ్గాడు. ఇంట్లో ఉన్న ఒక్క చిన్న ఫోనూ ఆయన తలగడ పక్కనే ఉంటుంది, అవసరమైతే ఆఫీసు నంబరు కలపడానికి.

ఈ పొద్దున ఆమె ఆయన వీపు తుడిచి చొక్కా తొడుగుతుంటే, ఇవాళ తప్పకుండా వస్తుందన్నాడు.

"ఎలా చెప్తున్నారు?"

"రోజూ... అదే అంటున్నాగా. ఏదో ఒకరోజు... నిజమవ్వాలి."

పక్క వాటాలో ఉండే పిన్నికి తాళం చెవి ఇచ్చి ఆమె బస్సెక్కింది. రెండు స్టాపులు దాటేదాకా ఆయన పక్కటెముకలు వేళ్లకు తగులుతున్నట్టే ఉంది.

పన్నెండు గంటలప్పుడు ఆమె కుళాయి దగ్గర భోజనం డబ్బా కడుక్కుంటోంది. నీళ్లు సన్నగా వస్తున్నాయి. మూత రబ్బరు సందులో చిక్కుకున్న అన్నం మెతుకును గోటితో తీసి, డబ్బా బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. తెర మీద పెట్టె మళ్లీ వచ్చి ఉంది. చదివి, నో నొక్కింది.

మూడున్నరకు కంప్యూటర్ల ఆయన వచ్చాడు. ఆమె కుర్చీలో కూర్చుని, హెచ్చరికను ఒక క్షణం చూసి, తెర అడుగున కుడి మూలకు వంగాడు.

"ఇదేంటమ్మా, మీ కంప్యూటర్ పదకొండేళ్ల వెనక ఉంది?"

లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, అది చచ్చిపోయిందనీ చెప్పాడు. ఆదివారం మెయిన్ స్విచ్ కట్టేయగానే మిషన్ తేదీ మర్చిపోయి, దాన్ని తయారుచేసిన ఏటికి వెళ్లిపోయింది. సర్టిఫికెట్ ఈ ఏడాది ఇచ్చింది. మిషన్ లెక్కలో ఈ ఏడాది ఇంకా రానే లేదు, అందుకే చెల్లదంటోంది. సర్వర్‌కు ఏ తప్పూ లేదు.

డిస్పాచ్ ఆయన కుర్చీలోంచి వెనక్కి వాలాడు. "స్టాంపక్క బల్ల మీదే తేదీ తప్పా? ఇంక మేం ఎవర్ని అడగాలి?"

నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తెర మూలన తేదీ ఉంటుందని ఆమెకు తెలుసు. దాన్ని చూడాల్సిన అవసరం ముప్పై ఏళ్లలో ఒక్కసారీ రాలేదు. చక్రం తన చేతిలోనే ఉంది.

ఆయన కంప్యూటర్ డబ్బా విప్పి కొత్త బిళ్ల వేసి, తేదీ సరిచేసి, పాతదాన్ని కాగితాల బుట్టలోకి విసిరాడు. ఈసారి హెచ్చరిక రాలేదు. ఉత్తరాలు ఒకదాని మీద ఒకటి దిగడం మొదలుపెట్టాయి. నలభై ఒకటి. వరసగా పైనుంచి చదువుకుంటూ వచ్చిన ఆమె చూపు రెండింటి దగ్గర ఆగిపోయింది.

ఒకటి సోమవారం సాయంత్రం నాలుగు గంటలది. మంచం ఖాళీ అయింది, రోగిని తీసుకొస్తారో లేదో బుధవారం మధ్యాహ్నం పన్నెండు లోపల రాయగలరు. రెండోది ఇవాళ పన్నెండుంపావుది. మీనుంచి జవాబు అందనందున మంచం జాబితాలో తర్వాతివారికి ఇచ్చాము.

ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. తర్వాత, సంచీ సర్దుకుంటున్న ఆయన్ను అడిగింది.

"ఎస్ నొక్కి ఉంటే, ఉత్తరాలు వచ్చేవా?"

"వచ్చేవి. దీనికైతే ఏమయ్యేదీ కాదు." ఆయన సంచీ జిప్పు లాగాడు. "కానీ మీరు చేసిందే కరెక్టమ్మా. అందరూ మీలా చెప్పినమాట వింటే నాకు సగం పని తగ్గును."

ఆయన వెళ్లాక ఆమె ఆశ్రమానికి ఫోన్ చేసింది. గుమస్తా ఆవిడ గొంతు గుర్తుపట్టింది. ఉత్తరం తనకు ఇప్పుడే అందిందని చెబితే, తమ దగ్గర సోమవారమే చేరినట్టు చూపిస్తోందంది. కొత్త రోగి అప్పుడే బయల్దేరి వస్తున్నారంది. మీ పేరు తీసేయలేదు, చివర్లో చేర్చాం, ముందు పదిహేడుమంది ఉన్నారంది. ఆమె సరేనండీ అంది. ఫోన్ పెట్టేశాక కూడా ఇంకోసారి సరేనండీ అంది.

రెండు ఉత్తరాలనూ అచ్చు తీసింది. చేతులు వాటంతటవే స్టాంపును సిరా దిండు మీద అద్ది పైమూలన వేశాయి. రెండింటి మీదా ఒకే తేదీ పడింది. వాటిని ఏ ఫైల్లో గుచ్చాలో తోచక కాసేపు పట్టుకు కూర్చుని, మడిచి భోజనం డబ్బా సంచీలో పెట్టుకుంది. సెలవడిగి వెళ్లొచ్చు. వెళ్లి ఏం చెప్పాలి? ఐదున్నర దాకా కూర్చుని మిగిలిన ముప్పై తొమ్మిదీ అచ్చు తీసింది. ఒకాయన మంచం పట్టెలు మారిపోయాయట. ఇంకొకావిడ, మామగారి ఫోటో అద్దం పగిలిందనీ, డబ్బు వద్దు, ఎవరైనా తప్పు ఒప్పుకుంటే చాలనీ రాసింది. ఆ కాగితం మీద సిరా కాస్త అలుక్కుపోయింది.

బస్సులో నిలబడే వచ్చింది. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకుంది. ఉత్తరం వచ్చింది, కానీ. ఆ కానీ దాటి ముందుకు పోలేదు.

గుమ్మంలోనే పిన్ని ఎదురై, మధ్యాహ్నం రెండు చెంచాలకన్నా తినలేదమ్మాయ్, కానీ హుషారుగానే ఉన్నాడు అని చెప్పి తన వాటాలోకి వెళ్లింది. ఆయన కిటికీవైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. ఎండ ఇంకా మంచం కోడు మీద ఉంది. పెదవుల రంగు పొద్దుటికన్నా నల్లగా ఉంది. ఆమె చెప్పులు విప్పుతుండగానే అడిగాడు.

"వచ్చిందా?"

"రాలేదు," అంది ఆమె.

ఆయన ఆమెవైపు కాసేపు చూశాడు. రెండు ఊపిర్లు తీసుకున్నాడు.

"పోన్లే. అక్కడ... ఎవరో ఒకరు పోతేనేగా... మంచం ఖాళీ అయ్యేది. అంటే ఎవరూ... పోలేదన్నమాట. మంచిదే."

ఆమె సంచీని తలుపు వెనక కొక్కానికి తగిలించి వంటింట్లోకి వెళ్లింది. పాలు పొయ్యి మీద పెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. ముందుగదిలో ఆయన ఊపిరి, రెండేళ్లుగా ఇల్లంతా వినపడే ఆ రంపపు చప్పుడు, సాగుతూ ఉంది. రేపు చెబుతాను అనుకుంది. చెప్పకపోతే ఏం అని కూడా అనుకుంది. పాలు అంచుల దగ్గర నురగ కట్టి, మధ్యలోకి వచ్చి, పైకి లేచాయి. మంట తగ్గించబోతూ, పాల చప్పుడు ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదే అనుకుంది.

ఆమె పొయ్యి ఆపింది. గుడ్డతో గిన్నె పట్టుకుని దించి, మూత పెట్టింది. అప్పుడు ముందుగదిలోకి నడిచింది.

కేక వెయ్యలేదు. పిన్ని వాటా గోడ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టింది. పిన్ని వచ్చి, చూసి, ఆయన కళ్లమీద చెయ్యి వేసి రెప్పలు దించింది. ఇద్దరూ కలిసి రెండు తలగడలు తీసేసి ఆయన్ను పడుకోబెట్టారు. నిండా రెండేళ్ల తర్వాత ఆయన వెల్లకిలా పడుకున్నాడు.

దుప్పటి సర్దుతుంటే నడుము పక్కన చేతికి చల్లగా ఏదో తగిలింది. స్టీలు గ్లాసు. దాని పక్కనే ఒక మేకు.

"నేనే ఇచ్చానమ్మాయ్," అంది పిన్ని, గొంతు తగ్గించి. "అక్కడికెళ్తే గ్లాసులు కలిసిపోతాయి, గుర్తు పెట్టుకుంటానని అడిగాడు. మధ్యాహ్నమంతా గీస్తూనే ఉన్నాడు. నాలుగు గీతలు గీయడం, ఆగడం."

ఆమె గ్లాసు తిరగేసి కిటికీ వెలుగులో పట్టుకుంది. అడుగున ఆయన పేరు లేదు. ఆమె ఆఫీసు ఫోన్ నంబరు ఉంది, అచ్చు గుద్దినంత తిన్నని అంకెలతో. ఆఖరిదైన ఎనిమిదికి పైసున్న చుట్టు పూర్తయింది. కింది సున్న సగం దాకా వచ్చి ఆగి ఉంది.