మా ఆయనతో పూడ్చిన నా తంబురా

అది నూజివీడులో తంబురాలు చేసే వీధో, మా జంగాల సమాధుల తోటో తెలియడం లేదు, రెండూ ఒకదానిలోకి ఒకటి జారిపోతున్నాయి, గోడలకి తంబురాలు వేలాడుతున్నాయి, కింద చూస్తే తవ్విపోసిన ఎర్రమట్టి, ఆ మట్టిలో మా ఆయన గురులింగం, పోయిననాడు ఎలా కూర్చోబెట్టి పూడ్చారో అలాగే బాసింపట్టు వేసుకుని, నా తంబురా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఏమే పర్వతాలూ, గుమ్మెట తెచ్చుకోలేదే? కథ మొదలెట్టొద్దూ?" అంటాడు.

నాకు ఒళ్లు మండిపోతుంది. "నీ పక్కన నిలబడి గుమ్మెట వాయించీ వాయించీ వేళ్లు కాయలు కాశాయి. ముందు నా తంబురా ఇటు తే!"

"నీదెప్పుడైందే? ఊరూరా గురులింగం తంబురా అన్నారు గానీ."

"ఎంచిందెవరయ్యా? నువ్వు నెమలిబొమ్మ అద్దిన పొట్టిదాన్ని పట్టుకుని మురిసిపోతుంటే, ఒక్కొక్క బుర్రా తట్టి, చెవి ఆనించి, మోత లోపలెంతసేపు తిరుగుతుందో విని, ఈ పొడుగు దండిదాన్ని కొనిపించింది నేను కాదూ?"

గోడల మీదవన్నీ అవునన్నట్టు వాటంతటవే మోగుతాయి. ఆయన తల దించుకుంటాడు. నేను ఊరుకుంటానా!

"మీ తమ్ముడు, అన్న తంబురా అన్నతోనే పోవాలన్నాడు. గోతిలో పట్టలేదని దండి మోకాలికేసి విరిచాడు. ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆ చప్పుడు విన్నానయ్యా! ఒక్కడన్నా నన్నడిగాడా? బతికుండగా నువ్వొక్కమాట అనుంటే, ఇది నా పెళ్లానిదని!"

"ఆడది తంబురా భుజానేసుకుంటే జనం ఏమంటారే..."

"నీ గొంతు పోయిననాడు, గుమ్మెట దగ్గర్నుంచే కథంతా నేను నడిపాను. ఏమన్నారో చెప్పు, జనం!"

మట్టి ఆయన మోకాళ్ల మీదికి మెల్లగా పాకుతోంది. ఆయన నవ్వుతాడు.

"ఇంకా చెప్పమన్నారు."

తంబురా చాపుతాడు, విరిగిన దండి ఇప్పుడు విరిగి లేదు, మొలకలాగా పెరుగుతూ పెరుగుతూ నా భుజం దాటి పైకి పోతోంది, "శ్రుతి దిగిపోయిందే, నువ్వే సవరించు," అంటుండగా ఆయన గొంతులో మట్టి పడుతుంది, నేను బిరడా తిప్పి, చూపుడువేలితో తీగ మీటుతాను, పలకదు, కోపంకొద్దీ ఇంకా గట్టిగా మీటుతాను.

"అమ్మమ్మా! జడ వదులే, నెప్పి!"

తెల్లారింది. పక్కలో మనవరాలు కళ్లనీళ్లతో నన్ను చూస్తోంది, దాని జడపాయ నా చూపుడువేలికి చుట్టుకుని ఉంది. జుట్టు విప్పి దాని తల నిమురుతున్నాను, వేలు మాత్రం ఆగడం లేదు, మీటుతూనే ఉంది.